కండరానికీ పట్టువిడుపులు ఉన్నాయి

ప్రశ్న: నా వయసు 52. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. బీపీకి, కొలెస్ట్రాల్‌కు మాత్రలు వాడుతున్నాను. గత నెల మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుంచి తిరుమలకు మెట్లెక్కాం. ఎక్కేటప్పుడు ఆయాసం తప్ప వేరే ఇబ్బంది లేదు. దర్శనమయ్యాక నడిచే దిగుదామని మావారు అంటే అలాగే దిగాం. దిగడం ఎంతో హాయిగా ఉంది. మర్నాడు తొడలు కాస్త పట్టేశాయి. ఆ మర్నాడైతే కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవలసి వచ్చింది. జిమ్‌కు వెళ్ళే మా అబ్బాయి ‘లాక్టిక్ ఆమ్లం పేరుకుంది’ అన్నాడు. పక్కింటావిడ ‘కండ చిరిగింది, ఇక మెట్ల జోలికి పోకండి’ అన్నారు. ఇది కాక, అప్పుడప్పుడు రాత్రిళ్ళు పిక్క పట్టేసి రాయిలా అయిపోతుంది. ఒంట్లో సత్తువ లేనప్పుడు కండ సడలిపోవాలి కదా, అంత గట్టిగా ఎందుకు బిగుసుకుంటుంది? అసలు కండ లోపల ఏం జరుగుతుంది? వచ్చే ఏడాది మళ్ళీ నడిచి వెళ్ళవచ్చా?
— ఒక ఉపాధ్యాయిని, వనపర్తి

సమాధానం: టీచరు గారూ, మీ ఉత్తరంలో ప్రశ్నలు చాలా ఉన్నా నన్ను పట్టి ఆపింది ఒక్కటే: ‘సత్తువ లేనప్పుడు సడలిపోవాలి కదా?’ ఎన్నో ఏళ్ళు వైద్య విద్యార్థులకు ఫిజియాలజీ పాఠం చెప్పాను. ఈ ప్రశ్న అడిగిన వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బిగుసుకోవడమంటే బలమనీ, సడలిపోవడమంటే నీరసమనీ అందరం అనుకుంటాం. కండ లెక్క వేరు. పట్టడానికే కాదు, విడవడానికీ దానికి ఖర్చు ఉంది. ఈ మాట దగ్గర పెట్టుకోండి, మీ తొడల సంగతీ పిక్కల సంగతీ అర్థం కావడానికి పనికొస్తుంది.

ముందు లోపల ఏముందో చూద్దాం. కొబ్బరి తాడును పురి విప్పితే పాయలు, పాయను విప్పితే సన్నని పీచు పోగులు వస్తాయి. తొడ కండరం కూడా అంతే. పైన ఒక తెల్లని పొర, లోపల కట్టలు, ఒక్కో కట్టకు మళ్ళీ ఒక పొర, కట్టలో తంతువులు. ఉడికిన మాంసం పీచుపీచుగా విడివడుతుందే, ఆ పీచే ఈ కట్ట. (మీరు శాకాహారులైతే కొబ్బరి తాడు దగ్గరే ఆగిపోండి.) ఈ పొరలన్నీ చివరకు కలిసి, గట్టిపడి, స్నాయువుగా మారి ఎముకను పట్టుకుంటాయి. మడమ వెనక చేతికి తగిలే గట్టి తాడు పిక్క కండరాల స్నాయువు.

ఒక్కో తంతువూ ఒక్కో జీవకణం. వెంట్రుకంత లావు ఉంటుంది, అంతకన్నా సన్నగానూ ఉండవచ్చు. పొడవు మాత్రం సెంటీమీటర్లలో. మామూలు కణానికి ఒక కేంద్రకం ఉంటే దీనికి వందలు. ఎందుకంటే పిండదశలో ఎన్నో చిన్న కణాలు కలిసిపోయి ఒక తంతువుగా తయారవుతాయి. ఆ తంతువు నిండా ఇంకా సన్నని నూలు పోగుల్లాంటివి ఉంటాయి. మైక్రోస్కోపులో చూస్తే వాటి మీద అడ్డంగా చారలు కనిపిస్తాయి, ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా. పందొమ్మిదో శతాబ్దమంతా శాస్త్రజ్ఞులు ఈ చారల్ని చూస్తూనే ఉన్నారు. అవి ఎందుకున్నాయో మాత్రం చాలా కాలం తేలలేదు.

1954 మే నెలలో ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వేసింది. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కెలది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు. ఇంటిపేరు ఒకటి, వెతుకులాట ఒకటి. అంతవరకు చాలామంది, కండ ముడుచుకుంటున్నదంటే అందులోని ప్రోటీను పోగులే ముడతపడి పొట్టివవుతున్నాయని అనుకునేవారు. వీళ్ళు చూపించింది వేరు. పోగులు పొట్టివి కావు. లావు పోగుల మధ్యకు సన్న పోగులు జారతాయి, అంతే. రెండు చేతుల వేళ్ళను ఎదురెదురుగా పెట్టి ఒకదాని సందుల్లోకి ఒకటి దూర్చి చూడండి. వేళ్ళ పొడవు తగ్గలేదు, చేతుల మధ్య దూరం తగ్గింది. లావు పోగు మయోసిన్ అనే ప్రోటీనుది, సన్న పోగు ఆక్టిన్ అనే ప్రోటీనుది. ఒక అడ్డగోడ నుంచి మరో అడ్డగోడ వరకు ఉన్న ఈ అమరికను సార్కోమియర్ అంటారు. చారలు ఈ అమరికవే.

మీరు లెక్కల టీచరు కాబట్టి ఒక చిన్న లెక్క. సార్కోమియర్ పొడవు సుమారు రెండున్నర మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నాలుగు వందలో వంతు. తొడలో పది సెంటీమీటర్ల తంతువు ఉందనుకుంటే దాని పొడవునా 40,000 సార్కోమియర్లు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటీ అర మైక్రాను తగ్గితే మొత్తం తంతువు రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది. మోకాలు కొంత చాచుకోవడానికి అది చాలు. మన నడకంతా కంటికి కనిపించని ఈ అర మైక్రాన్ల కూడికే.

మరి జరిపేది ఎవరు? మయోసిన్ పోగు మీద వందల కొద్దీ చిన్న తలలు పొడుచుకొని ఉంటాయి. అవి పక్కనున్న ఆక్టిన్‌ను పట్టుకొని, లాగి, వదిలి, ఇంకాస్త ముందు మళ్ళీ పట్టుకుంటాయి. మీ చిన్నప్పుడు ఇంట్లో బావి ఉండేదా? చేద తోడేటప్పుడు చేతులు ఏం చేస్తాయో గుర్తు తెచ్చుకోండి. ఒక చెయ్యి చేంతాడును బిగించి పట్టుకొని ఉండగా రెండో చెయ్యి వదిలి ముందుకు వెళ్ళి పట్టుకుంటుంది. రెండు చేతులూ ఒకేసారి వదిలితే చేద బావిలో పడుతుంది. రెండూ వదలకుండా బిగించి కూర్చుంటే నీళ్ళు పైకి రావు. మయోసిన్ తలల పని అదే. కాకపోతే రెండు చేతులు కాదు, వందలు, ఒకదానికొకటి పొంతన లేకుండా పట్టుకుంటూ వదులుతూ ఉంటాయి కాబట్టి తాడు జారదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తున్నాను. ఆక్టిన్‌ను పట్టుకున్న తల, లాగడం అయ్యాక తనంతట తాను వదలదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు ఒకటి వచ్చి దానికి అంటుకోవాలి. అప్పుడే పట్టు సడలుతుంది. ఆ ఏటీపీని విరగ్గొట్టి, వచ్చిన శక్తితో తల మళ్ళీ వెనక్కి వంగి, తర్వాతి పట్టుకు సిద్ధమవుతుంది. అంటే ఏటీపీ లేని కండ మెత్తబడదు, గట్టిపడుతుంది. మనిషి పోయిన కొన్ని గంటలకు శరీరం కొయ్యబారడం చూసే ఉంటారు. ప్రాణం పోయాక ఏటీపీ తయారీ ఆగిపోతుంది, ఉన్నది అయిపోతుంది, కోటానుకోట్ల తలలు పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోతాయి. ఒకటి రెండు రోజుల తర్వాత ఆ బిగువు పోతుందంటే విడిచే శక్తి వచ్చి కాదు, ప్రోటీన్లే చివికిపోవడం మొదలై.

ఇంకో ఖర్చు కూడా ఉంది. తలలు ఎప్పుడు పట్టుకోవాలో చెప్పేది కాల్షియం. వెన్నుపాము నుంచి నాడి (నరం) కబురు తెస్తుంది, ఆ నాడి కొసలో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది, దాంతో తంతువు పైపొర మీద విద్యుత్ అల ఒకటి పరుగెడుతుంది. లోపలి సంచుల్లో దాచి ఉంచిన కాల్షియం బయటికి వస్తుంది. ఆక్టిన్ మీద పట్టు దొరికే చోట్లను మూసి ఉంచే ఒక ప్రోటీను పోగు అప్పుడు పక్కకు జరుగుతుంది. కాల్షియం వచ్చి అంటుకోగానే ఆ పోగును జరిపే ట్రోపోనిన్ అనే ప్రోటీనును 1960లలో జపాన్‌లో సెత్సురో ఎబాషీ బృందం కనిపెట్టింది. (గుండెపోటు అనుమానం వస్తే ఆసుపత్రిలో ‘ట్రోపోనిన్ పరీక్ష’ చేస్తారు కదా, అది గుండె కండరంలోని ట్రోపోనినే. కండ దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది.) కండ సడలాలంటే బయటికి వచ్చిన కాల్షియాన్ని మళ్ళీ సంచుల్లోకి తోడి పోయాలి. ఆ తోడే పంపులు నడిచేదీ ఏటీపీతోనే. కండ పనిచేసేటప్పుడు అయ్యే ఖర్చులో దాదాపు మూడో వంతు ఈ తోడకానికే పోతుంది.

ఏటీపీ పేరెత్తాక మనవాడి పేరు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని పట్టుకున్నారు. మన కండలో సిద్ధంగా ఉండే ఏటీపీ గట్టిగా పనిచేస్తే రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. ఆ తర్వాత కొన్ని సెకన్లు ఆదుకొనేది ఫాస్ఫోక్రియాటిన్. ఆపైన చక్కెర నిల్వలు, ఆక్సిజన్ రంగంలోకి దిగుతాయి. మెట్లెక్కేటప్పుడు మీకొచ్చిన ఆయాసం ఆ ఆక్సిజన్ కోసమే.

ఈ కథలో మీ అబ్బాయి లాక్టిక్ ఆమ్లం కూడా ఉంది. 1920లలో కండను ముడిచేది లాక్టిక్ ఆమ్లమేనని ఐరోపా పండితులు గట్టిగా నమ్మేవారు. ఆ దారిలో పనిచేసిన ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మైయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడ్డాక ఆ నమ్మకం కదిలింది. 1930లో డెన్మార్క్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా మందుపెట్టిన కండ కూడా కాసేపు చక్కగా ముడుచుకుంటుందనీ, అప్పుడు ఖర్చవుతున్నది ఫాస్ఫోక్రియాటిన్ అనీ చూపించారు. సింహాసనం దిగిన లాక్టిక్ ఆమ్లం జిమ్ముల్లో ఇప్పటికీ నొప్పుల నెపం మోస్తోంది. అది సుమారు గంటలో రక్తంలోంచి సర్దుకుపోతుంది. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది కూడా. మీరు అలిపిరిలో వదిలిన లాక్టిక్ ఆమ్లం మూడో రోజున వనపర్తిలో నొప్పి పుట్టించలేదు. 1983లో అచ్చంగా ఈ సంగతినే పరీక్షించారు. చదును నేల మీద పరుగెత్తిన వాళ్ళకు లాక్టిక్ ఆమ్లం పెరిగింది, తర్వాత నొప్పులు రాలేదు. పల్లానికి పరుగెత్తిన వాళ్ళకు లాక్టిక్ ఆమ్లం పెరగలేదు, నొప్పులు వచ్చాయి.

కాబట్టి మీ తొడలను పట్టించింది ఎక్కడం కాదు, ఆ హాయిగా అనిపించిన దిగడం. ఇది చాలామంది నమ్మరు. కాస్త ఓపిగ్గా వినండి.

కండకు లాగడమే వచ్చు, తొయ్యడం రాదు. మెట్టు ఎక్కేటప్పుడు తొడ ముందు కండ పొట్టిదవుతూ మోకాలిని నిటారు చేసి మిమ్మల్ని పైకి లేపుతుంది. మెట్టు దిగేటప్పుడూ అదే కండ పనిచేస్తుంది. లేకపోతే మోకాలు మడతపడి ముందుకు పడిపోతాం. కానీ ఇప్పుడు అది ఒంటి బరువును ఆపుతూ, కొద్దికొద్దిగా ఓడిపోతూ, సాగుతూ పనిచేయాలి. నిండు చేదను బావిలోకి దించేటప్పుడు తాడును ఒక్కసారిగా వదలం కదా, చేతుల్లో బిగించి నెమ్మదిగా జారనిస్తాం. తోడినంత అలసట ఉండదు, అరచేతులు మాత్రం ఒరుసుకుపోతాయి. కండలోనూ అంతే. మయోసిన్ తలలు ఏటీపీ ఖర్చుతో వదలకముందే బరువు వాటిని లాగి ఊడదీస్తుంది. అందుకే ఖర్చు తక్కువ, ఆయాసం తక్కువ. 1952లో ఇంగ్లాండులో కొందరు రెండు సైకిళ్ళను వీపులు ఆనించి ఒకే గొలుసుతో కలిపి, ఒకరు ముందుకు తొక్కుతుంటే మరొకరు వెనక్కి తిరిగే పెడళ్ళను ఆపేలా చేసి ఆక్సిజన్ కొలిచారు. ఆపే మనిషికి పట్టింది తొక్కే మనిషి వాడిన దానిలో చిన్న వంతు మాత్రమే.

చవకగా వచ్చిన పనికి వేరే చోట బిల్లు పడింది. సాగుతూ పనిచేసేటప్పుడు ఒకే బరువుకు తక్కువ తంతువులతో సరిపెట్టుకుంటుంది శరీరం, కాబట్టి ఒక్కో తంతువు మీద భారం ఎక్కువ. వరుసలో ఉన్న 40,000 సార్కోమియర్లలో కాస్త బలహీనమైనవి ముందు సాగిపోతాయి. కొన్ని చోట్ల అడ్డగోడలు వంకర్లు పోతాయి, పోగులు వాటి వరుస తప్పుతాయి. అలిపిరి మెట్లు 3,550. ఒక్కో కాలికి దాదాపు పద్దెనిమిది వందల సార్లు ఈ పరీక్ష. అయితే అప్పటికప్పుడు నొప్పి ఉండదు, ఎందుకంటే నొప్పి పుట్టించేది ఆ నష్టం కాదు, దాని మరమ్మతు. చెదిరినదాన్ని ఊడ్చేసే కణాలు రావడానికి, వాపు రావడానికి, నొప్పి నాడులు చురుకెక్కడానికి గంటలు పడుతుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాధ పతాకస్థాయికి చేరి, వారంలోపు పోతుంది.

అంటే మీ పక్కింటావిడ మీ అబ్బాయి కన్నా నిజానికి దగ్గరగా ఉన్నారు. చిరుగు అనే మాట కాస్త పెద్దది, కానీ దారి సరైనదే. ఆవిడ తీర్పు మాత్రం తప్పు. ఒకసారి ఇలా దెబ్బతిని కోలుకున్న కండ, అదే పనికి రెండోసారి అంత దెబ్బతినదు. ఈ రక్షణ కొన్ని వారాల పాటు ఉంటుంది. నూరు మెట్లు దిగి అలవాటు చేసుకున్న కాలికి వెయ్యి మెట్లు అంత కొత్త కాదు. ఎప్పుడూ దిగని కాలికి అన్నీ కొత్తే.

మళ్ళీ ఇలా పట్టేస్తే ఏం చేయాలని అడగలేదు గానీ చెబుతాను. మంచం పట్టవద్దు, ఇంట్లో నెమ్మదిగా తిరగండి. బలంగా పిసికించుకోవద్దు. దిట్టంగా నడిచి, చెమట పోసి, నీళ్ళు సరిగ్గా తాగని రోజున నొప్పి మాత్రలు మింగడం మూత్రపిండాలకు మంచిది కాదు, బీపీ ఉన్నవారికి మరీను. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, తొడలు బాగా ఉబ్బినా, నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. కండ ఎక్కువగా చితికితే అందులోని పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కొలెస్ట్రాల్ మాత్రల్లో స్టాటిన్ల రకం కొందరికి కండరాల నొప్పులు తెస్తుంది. మీ నొప్పులు మెట్ల వల్లనే వచ్చినట్టున్నాయి. అయినా మాత్ర రాసిచ్చిన డాక్టరుకు ఒక మాట చెప్పండి. మీ అంతట మీరు మాత్ర మానవద్దు.

ఇక పిక్క సంగతి. ఇక్కడ ఒక పొరపాటు జరగకుండా చూసుకోవాలి. ఏటీపీ లేకపోతే కండ బిగుస్తుందని చెప్పాను కాబట్టి, రాత్రి పిక్క పట్టడమూ నీరసం వల్లేనని అనుకోవచ్చు. కాదు. అక్కడ తప్పు చేస్తున్నది నాడి. మా రోజుల్లో ప్రయోగశాలలో కప్ప పిక్క కండరాన్ని దాని నాడితో సహా తీసి, నాడికి విద్యుత్ తాకిస్తూ, పొగ పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద గీత గీయించేవాళ్ళం. ఒక్కసారి తాకిస్తే గీత ఒక గుట్టలా లేచి దిగేది. తాకించే వేగం పెంచితే గుట్టలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, చివరకు ఎత్తున ఒకే చదును గట్టులా ఆగిపోయేవి. కాల్షియాన్ని తోడి పోసే వ్యవధి ఇవ్వకపోతే సడలింపు ఉండదు. (ఇప్పుడు కప్పలకు ఆ బాధ తప్పింది, విద్యార్థులు కంప్యూటర్లో చూస్తున్నారు. మంచిదే.) మీ పిక్కలో రాత్రి జరిగేదీ ఇదే. పిక్కకు వెళ్ళే నాడి కొసలు అదుపు తప్పి ఆగకుండా కబుర్లు పంపుతాయి. నిద్రలో పాదం కిందికి వాలి పిక్క అప్పటికే పొట్టిగా ఉంటుంది కనుక అది మరింత ముడిపడుతుంది.

గుండె కండరానికి ఈ బాధ లేదు. ఒక కొట్టుకోవడం పూర్తయ్యేదాకా రెండో కబురును అది చెవిన వేసుకోదు. లేకపోతే ఎవరూ ఉత్తరాలు రాయగలిగేవాళ్ళం కాదు.

పిక్క పట్టగానే మోకాలు చాచి, పాదం వేళ్ళను మీ వైపు లాగండి. లేదా లేచి గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు నొక్కి ముందుకు వంగండి. కండ సాగగానే స్నాయువులోని గ్రాహకాలు వెన్నుపాముకు కబురు పంపి ఆ నాడిని అణచివేస్తాయని భావిస్తున్నారు. పద్ధతి ఏదైనా, సాగదీయడం పనిచేస్తుంది. పడుకునే ముందు రెండు నిమిషాలు ఇలాగే సాగదీసుకుంటే కొందరికి రాత్రిళ్ళు పిక్క పట్టేయడం తగ్గింది. అరటిపండు తినండి, పండు మంచిదే, కానీ అది పిక్కకు మందు అని ఎవరూ నిరూపించలేదు. మెగ్నీషియం మాత్రలు పెద్దవయసు వారి పిక్క పట్టులో పెద్దగా మేలు చేసినట్టు పరీక్షల్లో కనిపించలేదు. క్వినైన్ మాత్రం ఎవరు చెప్పినా ఇందుకోసం వాడవద్దు, దుష్ప్రభావాలు ప్రాణం మీదికి తెస్తాయి. మీ బీపీ మాత్ర మూత్రం ఎక్కువగా పోయించే రకమా అని డాక్టరును అడగండి, ఆ రకానికీ కొంకర్లకూ (ఇలా కండ పట్టేయడానికీ) సంబంధం ఉండవచ్చు. ఒకే కాలి పిక్క ఉబ్బి, వెచ్చగా, ఎర్రగా ఉండి నొప్పి వదలకపోతే అది కొంకర కాదు, రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అదే రోజు చూపించుకోండి.

వచ్చే ఏడాది తప్పక నడిచి వెళ్ళండి. దిగడానికి బస్సెక్కితే ఈ బాధే ఉండదు. నడిచే దిగాలనుకుంటే ప్రయాణానికి నెల ముందు నుంచి, వారానికి రెండు మూడు రోజులు, మీ బడి మేడ మెట్లు దిగడం మొదలుపెట్టండి. మొదటి వారం రోజుకు ఐదుసార్లు దిగితే చాలు, తర్వాత వారానికి కొన్ని పెంచండి. ఎక్కేటప్పుడు మోకాళ్ళు సహకరించకపోతే నెమ్మదిగా, రెయిలింగు పట్టుకొని ఎక్కండి. మనకు కావలసింది ఎక్కడం కాదు, దిగడం. మీవారిని కూడా వెంట తీసుకెళ్ళండి. దిగుదామన్నది ఆయనే కదా, ఆయన తొడలు ఎలా ఉన్నాయో మీరు రాయనే లేదు.